నేలిస్ అంగీ కింద నాలుగు బూట్లు

ఇలా రా సిల్కె, ఆ కుర్చీ నా పక్కకి లాక్కుని కూర్చో. కిటికీ వేసెయ్, బ్యాండు వాళ్ల సాధన వినపడితే నీ చెవులు అటే పోతాయి. కాఫీ పోశాను. టార్టు నిన్నటిదే, అయినా బాగుంది. తింటూ విను.

నిన్న లంగరు కేఫ్‌లో నీకేం చెప్పారన్నావు? ఒక ఏడు ఊరేగింపులో మన బొమ్మ నేలిస్, జుల్మా అవ్వ కిటికీ ముందు ఆగి, కిందికి వంగి, ఆవిడకు నమస్కారం పెట్టాడని. ఊరంతా కళ్లు తుడుచుకుందని. తుడుచుకున్న మాట నిజమే, నేను చూశాను. పత్రికలో ఫోటో కూడా పడింది. కాని నేలిస్ వంగలేదు తల్లీ. నేనప్పుడు నాలుగు బారల దూరంలో ఉన్నాను. పన్నెండేళ్లుగా ఈ సంగతి నా నోట్లోనే ఉండిపోయింది, మీ తాతకి మాటిచ్చాను కనుక. ఆయన పోయి రెండు చలికాలాలు గడిచాయి. వచ్చే వారం నీ మెడలో మోసేవాళ్ల తెల్ల రుమాలు కడతారు, నేలిస్ బుట్టలోకి నువ్వే దూరతావు. ఇంకా దాచిపెట్టి నేనేం చేసుకోను?

నాకు చదువు తక్కువని నీకు తెలుసు. పద్నాలుగో ఏట అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో చేరాను. కాని ఒకసారి చూసింది నా తలలోంచి పోదు. ఆ ఉదయం ఎవరు ఏ చొక్కా వేసుకున్నారో కూడా చెప్పగలను.

మీ తాత ఫిర్మిన్ ముప్పయ్యొక్క ఏళ్లు నేలిస్‌ని మోశాడు. అంతకుముందు వాళ్ల నాన్న మోశాడు. నేలిస్ బరువు తొంభై అయిదు కిలోలు. ఎత్తు చూస్తే మన పై అంతస్తు కిటికీలోకి తొంగి చూస్తాడు. బెత్తంతో బుట్టలా అల్లిన ఒళ్లు, చెక్క తల, నేల దాకా నీలం అంగీ. లోపల ఒక్క మనిషి, భుజాల మీద అడ్డకర్ర, కళ్ల ముందు అరచేయంత జాలీ. ఊళ్లో మలుపు మలుపుకీ మనిషి మారతాడు. వంతెన నుంచి కొండ మీది మందిరం దాకా మాత్రం మారకూడదు. ఎప్పుడో వరద వచ్చిన ఏడు నేలిస్ అనే పడవవాడు మనుషుల్ని వీపున వేసుకుని, మందిరం దాకా ఎక్కడా దించకుండా మోశాడట. అందుకని ఆ ఎత్తుదారంతా ఒకే వీపు, బుట్ట నేలకు ఆనకూడదు. ఆ దారి మీ తాతది. ఒక్క ఏడు తప్పుకుంటే ఆ ఎత్తుదారి వంతు ఇంకొకరికి పోతుంది, మళ్లీ రాదు. సంఘం కట్టుబాటు అంతే.

మీ తాత తమ్ముడు ఒదిల్ నీకు కొంచెం గుర్తుండాలి. పెళ్లి చేసుకోలేదు, పక్కింట్లో ఉండేవాడు, రెండు పూటలా మన బల్ల దగ్గరే తినేవాడు. ఆయన కూడా మోసేవాడే. బజారు నుంచి వంతెన దాకా ఆయన వంతు.

ఆ ఏడు జనవరిలో ఇద్దరికీ ఒకే మాట చెప్పారు. గుండెలో వాల్వు కారుతోంది, ఆపరేషన్ చెయ్యాలి. వాళ్ల అమ్మకీ అదే ఉండేదట, అప్పట్లో ఆయాసం అని ఊరుకున్నారు. మీ తాతకి రోబోతో చేస్తామన్నారు. ఒదిల్‌కి మాత్రం తొడ దగ్గర రక్తనాళం సన్నగా ఉంది, గొట్టం పట్టదు, పాత పద్ధతిలో రొమ్ము ఎముక కోయాల్సిందే అన్నారు.

"నీకు రంపం, నాకు సూది," అన్నాడు మీ తాత, ఆస్పత్రి నుంచి వస్తూ కారులో.

"నవ్వుకో అన్నయ్యా. నీ తొడ కూడా నాదిలా ఉంటే నీకూ రంపమే."

"ఆ యంత్రమంటే భయం లేదా నీకు?" అని మీ తాతని అడిగాను.

"భయమెందుకు? డాక్టరు మూలన పెట్టెలో తలపెట్టి కూర్చుంటాడు, యంత్రం చేతులు ఆయన ఆడించినట్టు ఆడతాయి. నేను నేలిస్ లోపల దూరి ఆడించట్లేదా? అలాంటిదే. నేలిస్ ఎప్పుడైనా ఎవరి కాలైనా తొక్కాడా?"

"తొక్కాడు. పోయినేడు నా కాలే తొక్కాడు," అన్నాడు ఒదిల్.

ఇద్దరికీ వారం తేడాలో ఆపరేషన్లు అయ్యాయి. మీ తాత అయిదో రోజుకి ఇంట్లో ఉన్నాడు. చొక్కా విప్పి చూపించాడు. కుడిరొమ్ము కింద రెండు అగ్గిపుల్లలంత గాటు, చుట్టూ గోరంత బొక్కలు నాలుగు. అంతే. ఒదిల్ తొమ్మిది రోజులకి వచ్చాడు. మెడ గుంట నుంచి పొట్ట పైదాకా సంచి జిప్పులా కోత. ఆరువారాలు పడుకుంటే వెల్లకిలాగానే పడుకోవాలి, కాఫీ కెటిలు కూడా ఎత్తకూడదు, దగ్గొస్తే దిండు రొమ్ముకి అదుముకుని దగ్గాలి. ఎక్కడికెళ్లినా ఆ దిండు ఆయన చంకలోనే.

"ఒదిల్‌కి ఇన్నాళ్లకి పెళ్లయింది. పెళ్లాం మెత్తగా ఉంది, ఎదురు మాట్లాడదు," అనేవాడు మీ తాత.

నేను ఇద్దరికీ ఒకే గిన్నెలో సూపు కాచేదాన్ని. ఒకే బల్ల దగ్గర ఇద్దర్నీ చూసేదాన్ని. అందుకే నాకు తెలిసింది సిల్కె, ఇంకెవరికీ తెలియనిది.

పదిహేనో రోజున మీ తాత కత్తెర తీసుకుని తోట చుట్టూ కంచె మొక్కలు కత్తిరించాడు. దారిన పోయేవాళ్లంతా ఆగి చూశారు. ఆపరేషన్ అయిన మనిషిలా ఉన్నాడా అన్నారు. ఆయన ఇంకో వరస కత్తిరించాడు. తర్వాత మేడ ఎక్కుతూ ఆరో మెట్టు మీద ఆగడం నాకు వంటింట్లోకి వినపడింది.

"అక్కడేం చేస్తున్నావు?"

"పటం వంకరగా ఉంది. సరిచేస్తున్నాను."

అది మా పెళ్లి పటం. ఆ రోజు నుంచి రోజూ అది వంకరగానే ఉండేది, ఆయన రోజూ ఆరో మెట్టు మీద సరిచేసేవాడు. మనిషికి నొప్పి లేదు. నెత్తురు లేదు. కట్టు లేదు. ఊపిరి మాత్రం పై మెట్టు దాకా రావడం లేదు. అది పైకి కనపడేది కాదు.

ఆస్పత్రి వాళ్లు ఇద్దరికీ ఒకే మాట చెప్పి పంపారు. వారానికి మూడుసార్లు, మొత్తం నలభై అయిదుసార్లు వచ్చి వ్యాయామం చెయ్యాలి, కదలని సైకిలు తొక్కాలి. ఒదిల్ తన ఎముక ఊడొస్తుందేమోనని భయపడి, దిండు పట్టుకుని బస్సెక్కి ఒక్కరోజు మానకుండా వెళ్లాడు. మీ తాత నాలుగుసార్లు వెళ్లాడు.

"ముసలాళ్ల మధ్య కూర్చుని ఎక్కడికీ పోని సైకిలు తొక్కడానికి నేనేమైనా పిచ్చోణ్ణా?"

"నువ్వూ ముసలాడివే," అన్నాను.

"ఒదిల్‌ని కోశారు, వాడు వెళ్లాలి. నన్ను కొయ్యలేదు కదా."

మే నెల మధ్యలో మూడు నెలల పరీక్షకి పిలిచారు. ఇద్దరికీ ఒకే పొద్దున. నేను గదిలో మూల కుర్చీలో కూర్చున్నాను, మీ తాత కోటు ఒళ్లో పెట్టుకుని. ముక్కూ నోరూ మూసేసే రబ్బరు తొడుగు పెట్టారు. దానికో గొట్టం, ఆ గొట్టం ఒక పెట్టెలోకి. మనిషి పీల్చిన గాలిలో గుండె, ఊపిరితిత్తులు కలిసి ఎంత వాడుకుంటున్నాయో ఆ పెట్టె చెబుతుందట. సైకిలు తొక్కుతూ ఉంటే నిమిష నిమిషానికీ తొక్కుడు బరువెక్కుతుంది. ఎక్కడ ఆగిపోతారో అక్కడే లెక్క.

ముందు ఒదిల్ ఎక్కాడు. పది నిమిషాలు దాటాడు. దిగి, చెమట తుడుచుకుని, నాకేసి చూసి సిగ్గుపడ్డాడు.

తర్వాత మీ తాత. మన ఊళ్లో సైకిలు తొక్కలేని మగాడు ఉంటాడా? పద్దెనిమిదేళ్ల వయసులో జాతర పందెంలో మూడోవాడుగా వచ్చాడు. మొదట నాకేసి కన్నుగీటాడు, తొడుగు మీదుగా. నాలుగో నిమిషంలో కన్నుగీటడం ఆగింది. ఆరో నిమిషంలో మోకాళ్లు బయటికి పోవడం మొదలైంది. హన్నె అనే అమ్మాయి, అక్కడ వ్యాయామం చేయించేది, పక్కనే నిలబడి "ఇంకొంచెం ఫిర్మిన్, ఇంకొంచెం" అంటోంది. నా కాళ్లు కుర్చీ కింద వాటంతటవే తొక్కుతున్నాయి. నలభై ఏళ్లు ఆయన ప్లేటులో కూర వడ్డించాను, చొక్కాకి గుండీలు కుట్టాను, జ్వరం వస్తే తడిగుడ్డ వేశాను. ఊపిరి మాత్రం ఎవరూ ఎవరికీ తీసి పెట్టలేరు. ఏడో నిమిషంలో ఆయన చెయ్యెత్తాడు.

హన్నె తెర మీద గీతలు చూపించి మెల్లిగా చెప్పింది. ఆ వయసు మగవాడికి ఉండాల్సింది వంద అనుకుంటే, ఒదిల్‌ది డెబ్బై ఒకటి, ఫిర్మిన్‌ది యాభై రెండు.

"అదెలా? కోసింది వాణ్ణి," అన్నాడు మీ తాత.

"కోత వేరు ఫిర్మిన్. మీకు ఎముక తెగలేదు, అందుకని పైన త్వరగా మానింది. కాని లోపల గుండెని ఇద్దరికీ ఆపారు, ఇద్దరికీ అదే పని చేశారు. ఆ లోపలి బలం దానంతటది తిరిగి రాదు, తొక్కి తెచ్చుకోవాలి. ఒదిల్ తెచ్చుకుంటున్నారు. మీరు కూడా మొదలుపెడితే ఏడాదికి ఇద్దరూ ఒకేచోటికి వస్తారు."

"జూలైలో మా ఊరేగింపు ఉంది."

"ఈ జూలైలో ఆయన బరువులు మొయ్యకూడదు," అని ఆ అమ్మాయి నాకేసి తిరిగి చెప్పింది, నేనేదో ఆయన భుజాల మీద తాళం వెయ్యగలిగినట్టు. ఒక కాగితం మీద ఆ అంకెలు వేసి నా చేతికిచ్చింది.

కారులో, వంతెన దగ్గర సిగ్నల్ పడ్డప్పుడు మీ తాత అన్నాడు, "ఆ తొడుగు కారింది. నా మొహానికి పెద్దదయింది."

వెనక సీటులో ఒదిల్ దిండు సర్దుకున్నాడు.

"గోడ్లీవా, ఈ సంగతి ఈ కారు దాటకూడదు. నాకు మాటివ్వు."

నేనివ్వలేదు. ఇంటి దాకా అడిగాడు. ఇంటి ముందు కారు ఆపి, తాళం తియ్యకుండా కూర్చుని మళ్లీ అడిగాడు. చివరికి ఇచ్చాను. నా జీవితంలో నేను చేసిన బుద్ధితక్కువ పనుల్లో అదొకటి.

పెంతెకొస్తు పండగ మర్నాడు, సోమవారం, లంగరు కేఫ్ వెనకగదిలో రొమ్ము చూసే రోజు. నీకూ చూస్తారు, ఆడపిల్లలకి ఇప్పుడు చొక్కా విప్పనవసరం లేదులే. మా కాలంలో మోసేవాళ్లంతా చొక్కాలు విప్పి వరసగా నిలబడాలి. సంఘం పెద్ద ఒక్కొక్కరి భుజం ఎముకలు నొక్కి, రొమ్ము మీద అరచెయ్యి వేసి, సరే అంటే రుమాలు కడతాడు. ఎప్పుడో ఒకడు విరిగిన పక్కటెముక దాచి నేలిస్‌ని ఎత్తితే, బొమ్మ వాలి ఒకావిడ కాలు విరిగిందట. అప్పటి నుంచి విరిగిన ఎముక నేలిస్ కిందికి వెళ్లకూడదు. మనవాళ్లు ఎముకల్ని నమ్ముతారు. కంటికి కనపడనిదాన్ని నమ్మరు.

ఆ ఏడు సంఘం పెద్ద ఉర్బాన్, కసాయి దుకాణం ఆయన. మంచివాడే. నేను టార్టులు పట్టుకెళ్లి వడ్డించే కిటికీ దగ్గర నిలబడ్డాను. లోపల అంతా కనపడుతోంది.

ఒదిల్ చొక్కా విప్పాడు.

"ఎవరు కుట్టార్రా నిన్ను? నేను దూడకి కూడా ఇంత పెద్ద గాటు పెట్టను," అన్నాడు ఉర్బాన్. అందరూ నవ్వారు. తర్వాత ఆయన ఒదిల్ భుజం మీద చెయ్యి వేశాడు. "ఈ ఏడు వద్దు ఒదిల్. ఎముక తెగింది. కట్టుబాటు నీకు తెలుసు."

ఒదిల్ చొక్కా తొడుక్కున్నాడు. గుండీలు తప్పు పెట్టుకున్నాడు.

మీ తాత వంతు వచ్చింది. ఉర్బాన్ కళ్లద్దాలు పైకి తోసి, వంగి, కుడి రొమ్ము కింద వెతుక్కున్నాడు. "ఇదేనా? మా పిల్లి దీనికంటే పెద్దగా గీరుతుంది."

"యంత్రం పనయ్యా. మనుషులు ఇంత శుభ్రంగా కుట్టలేరు."

"పెట్టిపుట్టావు. వంతెన నుంచి మందిరం దాకా నీదే." రుమాలు కట్టేశాడు. చప్పట్లు కొట్టారు.

నేను కిటికీ పట్టుకుని ఒదిల్‌ని చూశాను, ఒదిల్ నన్ను చూశాడు. మాకిద్దరికే తెలుసు ఆ గదిలో ఎవరి గుండె మొయ్యగలదో, ఎవరిది మొయ్యలేదో. ఒదిల్ నోరు విప్పితే అన్న మీద ఏడుపు అంటారు, తనకి రాలేదని. నేను విప్పితే మాట తప్పినట్టు.

అయినా విప్పాను సిల్కె. అది కూడా నీకు తెలియాలి. మూడు రోజుల తర్వాత ఉర్బాన్ దుకాణానికి వెళ్లి, కుందేలు కొనే నెపంతో, వెనక ఎవరూ లేనప్పుడు ఆ కాగితం గల్లా మీద పెట్టాను.

"ఏమిటిది గోడ్లీవా?"

"ఫిర్మిన్ ఊపిరి. వందకి యాభై రెండే ఉంది. ఒదిల్‌కి డెబ్బై ఒకటి."

ఆయన చేతులు తుడుచుకుని కాగితం అటూ ఇటూ తిప్పాడు. గీతలు, చుక్కలు, ఇంగ్లీషు మాటలు. "ఇది దేని కొలత? కిలోలా?"

నాకు తెలియదు. అదీ నా బాధ. అంకె గుర్తుంది, అది దేనిదో సరిగా చెప్పే చదువు లేదు. "గుండె, ఊపిరితిత్తులు కలిసి..." అని మొదలుపెట్టి ఆగిపోయాను. ఆ గదిలో హన్నె చెప్పినప్పుడు అంతా అర్థమైంది. కసాయి దుకాణంలో నా నోటికి రాలేదు.

"అన్నదమ్ముల్లో ఒకడికి ఇచ్చి ఒకడికి ఇవ్వకపోతే ఇంట్లో కష్టంగానే ఉంటుందిలే," అన్నాడు ఆయన, చాలా దయగా. "ఒదిల్‌కి వచ్చే ఏడు చూద్దాం." కాగితం మడిచి, కుందేలు పొట్లంతో పాటు నా సంచిలో పెట్టాడు. దాని మీద నెత్తుటి మరక పడింది.

ఆ తర్వాత నెలరోజులు నేను చెయ్యనిదంటూ లేదు. బతిమాలాను. మాట్లాడటం మానేశాను. ఆయన్ని సైకిలు మీద కాలవగట్టు వెంట తీసుకెళ్లాలని చూశాను, మొదటి లాకు దగ్గరే పంక్చరు అన్నాడు. చక్రం నొక్కి చూశాను, గట్టిగానే ఉంది. ఒదిల్ ఒకసారి బల్ల దగ్గర అన్నాడు, "అన్నయ్యా, ఈ ఒక్క ఏడు."

"నీ రుమాలు పోయిందని నాదీ పోవాలా?"

ఒదిల్ చెంచా కింద పెట్టేశాడు. ఇక ఎప్పుడూ ఎత్తలేదు ఆ మాట.

జూలై మొదటి ఆదివారం. ఎండ లేదు, ఉక్క. మోసేవాళ్ల బూట్లకి ఒక్కొక్కరివి ఒక్కో రంగు తాళ్లు, అంగీ కింద ఎవరున్నారో ఇంటి ఆడవాళ్లు గుర్తుపట్టడానికి. మీ తాతవి ఎర్ర తాళ్లు. పొద్దున ఆయన మంచం అంచున కూర్చుని వంగబోయి ఆగాడు. వంగితే ఆయాసం. నేను నేల మీద కూర్చుని బూట్లు తొడిగి, ఎర్ర తాళ్లు కట్టాను. నా చేతులతో నేనే కట్టాను.

వంతెన దగ్గర మనిషి మారాడు. ఉర్బాన్ కర్రతో అంగీ అంచు ఎత్తాడు, ఒకడు బయటికి వచ్చాడు, మీ తాత లోపలికి వెళ్లాడు. ఆ అంచుని సంఘం పెద్ద తప్ప ఇంకెవరూ ముట్టకూడదు. నేలిస్ లేచాడు. బ్యాండు మొదలైంది. రెండడుగులు కుడికి, రెండడుగులు ఎడమకి, సగం తిరుగుడు. నేను జనంలో పక్కనే నడుస్తున్నాను. పైకి చూడలేదు. ఊరంతా నేలిస్ మొహం చూస్తోంది, నేను బూట్లు చూస్తున్నాను.

రొట్టెల దుకాణం దాకా అడుగులు బాగానే వేశాడు. అక్కడి నుంచి దారి నిటారు అవుతుంది. మొదట తిరుగుడు పోయింది, ఉత్త అడుగులే మిగిలాయి. తర్వాత కుడి బూటు కొంచెం ఈడ్చింది. నా లోపల ఎవరో నిమిషాలు లెక్కపెడుతున్నారు. ఆరు. నేను ఉర్బాన్‌ని పిలిచాను. ఆయన ముందు నడుస్తూ కర్ర ఊపుతున్నాడు, డప్పుల్లో నా గొంతు నాకే వినపడలేదు. పక్కావిడ నవ్వుతూ నా చెయ్యి పట్టుకుంది, సంతోషంతో అరుస్తున్నాననుకుని. ఏడు.

బూట్లు ఆగిపోయాయి.

సరిగ్గా జుల్మా అవ్వ కిటికీ ముందు. ఆవిడకు నూట ఒక్క ఏళ్లు, మొగుడు పడవవాడు, కుర్చీలో కూర్చోబెట్టి కిటికీ తెరిచారు. నేలిస్ ఆగాడు, ఊగాడు, అంగీ మెల్లిగా మెల్లిగా రాళ్ల మీదికి దిగుతోంది. నేలకి ఆనకూడని బుట్ట. ఎవరో అన్నారు, "అవ్వకి వంగుతున్నాడు." ఆ మాట అలా పాకిపోయింది. చప్పట్లు మొదలయ్యాయి. నేను ముందుకు తోసుకున్నాను. మనుషులు గోడలా ఉన్నారు.

అప్పుడు అవతలివైపు నుంచి ఒదిల్ వచ్చాడు. నల్ల కోటు, ఆదివారం బూట్లు. ఎవరినీ అడగలేదు. అంగీ అంచు చేత్తో ఎత్తి లోపలికి దూరాడు. అంగీ కింద నాలుగు బూట్లు కనపడ్డాయి నాకు, రెండు ఎర్ర తాళ్లవి, రెండు నల్లవి, ఎదురెదురుగా. పాట ఒకసారి అయ్యి మళ్లీ మొదలైంది. బూట్లు కదల్లేదు.

లోపల ఏం జరిగిందో తర్వాత ఒదిల్ నాకు ఒక్కసారే చెప్పాడు. అన్న నోట్లోంచి ఒకటే మాట వస్తోందట, "నేలకి ఆనించను, నేలకి ఆనించను." ఒదిల్ అడ్డకర్ర కింద భుజం పెట్టబోయాడు, రొమ్ము ఎముక కలుక్కుమంది.

"నేనెత్తలేను అన్నయ్యా. ఎముక ఒప్పుకోదు. నువ్వొదిలెయ్యి. ఇద్దరం ఊరికే నిలబడదాం."

అన్నయ్య అంతే చేశాడు వదినా, అన్నాడు ఒదిల్ నాతో. వదిలేశాడు.

బుట్ట నేలకి ఆనింది. ఉర్బాన్ వెనక్కి తిరిగి చూశాడు. నాలుగు బూట్లూ చూశాడు. ఆయన మొహం మారడం నేను చూశాను సిల్కె, ఆ క్షణంలో ఆయనకు నా కాగితం గుర్తొచ్చింది. కాని ఊరంతా చూస్తోంది. ఆయన టోపీ తీసి, జుల్మా అవ్వ కిటికీ వైపు తిరిగి, నడుం దాకా వంగాడు. ముందే అనుకున్నదన్నట్టు. అవ్వ శిలువ గుర్తు వేసుకుని చెయ్యి ఊపింది. అక్కడ ఏడవని వాళ్లు లేరు. నేనూ ఏడ్చాను, వేరే దానికి.

గోడవైపు నుంచి, జనానికి కనపడకుండా, మీ తాతని బయటికి లాగి రొట్టెల దుకాణం వెనకగదిలోకి మోసుకెళ్లారు. ఇంకొకడు నేలిస్‌లోకి దూరాడు. నేను చేరుకునేసరికి ఆయన పిండి బస్తాల మీద పడుకుని ఉన్నాడు. పెదాలు నేలిస్ అంగీ రంగులో ఉన్నాయి. ఒదిల్ పక్కనే నేల మీద, రెండు చేతులూ రొమ్ముకి అదుముకుని, దిండు లేకుండా.

అంబులెన్సుకి ఫోన్ చేశారు. ఊరేగింపు మందిరం చేరే దాకా వీధిలోకి బండి రాదు అన్నారు. ఇరవై నిమిషాలు. డప్పులు కొండెక్కుతూ వినపడుతున్నాయి, జనం ఇంకా చప్పట్లు కొడుతున్నారు. నాకు చెయ్యడానికి ఏమీ లేదు. ఆయన కాళ్ల దగ్గర కూర్చుని ఎర్ర తాళ్లు విప్పాను. గట్టిగా కట్టాను, ముడి రాలేదు. పళ్లతో విప్పాను.

బతికాడులే. నీకు తెలుసు, నిన్ను ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. పది రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. తర్వాత బస్సెక్కి, తమ్ముడి పక్కన, నలభై అయిదుసార్లూ వెళ్లి సైకిలు తొక్కాడు. మరుసటి వసంతంలో పరీక్ష పెడితే ఇద్దరికీ ఒకే అంకె వచ్చింది, ఎనభై మూడు. ఆ అమ్మాయి చెప్పినట్టే. అంకె వచ్చింది కాని రుమాలు రాలేదు. ఎవరూ ఆయన్ని తిట్టలేదు, ఏమీ అడగలేదు, పిలవలేదు అంతే. ఒదిల్‌ని కూడా పిలవలేదు, అంచు ముట్టాడు కదా.

అన్నిటికంటే నేను ఏది చూడలేకపోయానో తెలుసా? ప్రతి జూలైలో లంగరు కేఫ్‌లో ఆ ఏడు నేలిస్ వంగాడని బీరు గ్లాసులు ఎత్తేవాళ్లు. మీ తాత కూడా ఎత్తేవాడు. ఒదిల్ కూడా. ఉర్బాన్ ఇద్దరి గ్లాసులకీ తన గ్లాసు తగిలించేవాడు, కళ్లలోకి చూడకుండా. నేను వడ్డించే కిటికీ దగ్గర నిలబడి చూసేదాన్ని. ఇంటికొచ్చాక ఆయన ఆరో మెట్టు మీద ఆగేవాడు. అప్పటికి ఊపిరి బాగానే ఉంది. అయినా ఆగేవాడు. నేను ఏం చేస్తున్నావని అడగడం మానేశాను.

కాగితం ఇదిగో, మరక ఇంకా ఉంది. నువ్వు చదువుకున్నదానివి, ఆ అంకె దేనిదో నీకు తెలుస్తుంది. నీ దగ్గరే ఉంచుకో.

వచ్చే వారం రుమాలు కట్టించుకో, నేను వద్దనను. కాని కేఫ్‌లో మళ్లీ ఎవరైనా ఆ కథ ఎత్తితే, గ్లాసు ఎత్తకముందు ఇలా చెప్పు. ఆ ఏడు నేలిస్ వంగలేదు, లోపల ఒక మనిషికి ఊపిరి అందలేదు, అంగీ కింద నాలుగు బూట్లున్నాయి అని చెప్పు. వాళ్లు నమ్మకపోతే పరవాలేదు. నీ తర్వాత ఆ బుట్టలోకి దూరేవాళ్లకి చెప్పు. తాళ్ల రంగు కూడా చెప్పు, మర్చిపోకు. ఎరుపు.